నూరేళ్లు, ఆదివారపు బడి: జిమ్మీ కార్టర్ బతుకు దేనికి సాక్ష్యం?

మన క్రైస్తవ కుటుంబాల్లో పెద్దాయన ఎవరైనా పోతే కొన్నాళ్లకు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద దండ వేసిన ఫొటో, వచ్చినవాళ్ల చేతికి ఒక చిన్న కరపత్రం. అందులో పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, పిల్లలెందరు, మనుమలెందరు, ఎన్నేళ్లు సంఘ పెద్దగా ఉన్నారు అన్నవి ఉంటాయి. మాట్లాడేవాళ్లలో ఒకరైనా అంటారు: భక్తిగా బతికాడు, ఇంటివాళ్లను ప్రేమగా చూసుకున్నాడు, అందుకే దేవుడు నిండు ఆయుష్షు ఇచ్చాడు అని. అలాంటి కూడికల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆ మాట అన్నవాళ్ల కన్నీళ్లను ఎన్నడూ శంకించలేదు. కానీ ఆ 'అందుకే' దగ్గర ప్రతిసారీ మనసు ఆగేది. అంతే భక్తిగా బతికి యాభై ఏళ్లకే పోయిన ఒకాయన భార్య అదే షామియానా కింద, వెనక వరుసలో కూర్చుని ఆ మాట వింటూ ఉండవచ్చు గనక.

ఈ 'అందుకే'ను పరీక్షించడానికి చక్కగా నమోదైన ఒక జీవితం కావాలి. నేను జిమ్మీ కార్టర్‌ను ఎంచుకున్నాను. ఆయన అమెరికా అధ్యక్షుడిగా ఉన్నది 1977 నుంచి 1981 వరకు నాలుగేళ్లే. ఆదివారపు బడి పంతులుగా ఉన్నది దాదాపు డెబ్బై ఐదేళ్లు. పద్దెనిమిదేళ్ల వయసులో నౌకాదళ అకాడమీలో పిల్లలకు బైబిలు పాఠం చెప్పడం మొదలుపెట్టి, తొంభై ఐదేళ్లు వచ్చాక కూడా చెప్పారు. 1924 అక్టోబరు 1న జార్జియా రాష్ట్రంలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 2024 డిసెంబరు 29న అదే ఊళ్లో, సొంత ఇంట్లో కన్నుమూశారు. అమెరికా అధ్యక్షుల్లో నూరేళ్లు నిండినవారు మరొకరు లేరు. రోజలిన్‌తో కాపురం 77 ఏళ్లు. నలుగురు పిల్లలు. ఆ ఊరివాళ్లు, పత్రికలవాళ్లు, ఆయన సొంత పుస్తకాలు, భార్య రాసిన పుస్తకాలు కలిపి చూస్తే, కుటుంబాన్ని, సంఘాన్ని నమ్ముకున్న ఒక మనిషి గురించి ఇంతకంటే ఎక్కువ ఆధారం దొరకడం కష్టం.

అయితే ఆ ఆధారంలో మొదట కంటబడేది 'అందుకే'కు అడ్డు వచ్చే సంగతే. కార్టర్ తండ్రి ఎర్ల్ 1953లో క్లోమ క్యాన్సర్‌తో 58 ఏళ్లకు పోయారు. చెల్లెలు రూత్ 1983లో అదే జబ్బుతో 54 ఏళ్లకు, తమ్ముడు బిల్లీ 1988లో అదే జబ్బుతో 51 ఏళ్లకు, మరో చెల్లెలు గ్లోరియా 1990లో మళ్లీ అదే జబ్బుతో 63 ఏళ్లకు పోయారు. ఒక్క రూత్ సంగతి తీసుకుందాం. రూత్ కార్టర్ స్టేపుల్‌టన్ పేరు మోసిన సువార్తికురాలు, ప్రార్థన ద్వారా మనసు స్వస్థత గురించి ఊరూరా బోధించిన మనిషి. ఆ ఇంట్లో దేవుని పనిని వృత్తిగా చేసుకున్నది ఆమే. ఆమెకు 54 ఏళ్లు, అన్నకు నూరేళ్లు. ఆయుష్షు భక్తికి జీతమైతే ఈ లెక్క ఎలా కుదురుతుంది?

దీనికి కార్టర్ ఇచ్చుకున్న జవాబు చాలా మామూలుది. తన తండ్రి, తమ్ముడు, చెల్లెళ్లు సిగరెట్లు తాగేవారని, తాను తాగలేదని, తేడా అదేనని ఆయన అనేవారు. ఇరవయ్యొకటి నిండేదాకా సిగరెట్ ముట్టనని తండ్రి ఆయన దగ్గర మాట తీసుకున్నారు. ఆ తండ్రి మాత్రం తాను మానలేకపోయారు. పొగ తాగేవారికి క్లోమ క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు అన్నది వైద్యంలో స్థిరపడిన విషయం. అంతమాత్రాన కార్టర్ జవాబుతో అంతా తేలిపోదు. తల్లి లిలియన్ కూడా పొగ తాగేవారు, 85 ఏళ్లు బతికారు. ఒకే ఇంట్లో నలుగురికి ఒకే క్యాన్సర్ అంటే వంశపారంపర్యం కూడా ఉండవచ్చునని పరిశోధకులు అనుమానించి, ఆ ఇంటివాళ్ల రక్తం తీసుకుని పరీక్షలు చేశారు. ఒక్క కుటుంబం నుంచి ఏ కారణాన్నీ గట్టిగా చెప్పలేం. అందుకే ఒక్కరి బతుకు దాటి, వేలమంది లెక్కలు చూడాలి.

ఈ ప్రశ్న పాతదే. 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ప్రార్థన ఫలిస్తుందా అని లెక్కలు వేశాడు. ఇంగ్లండులో ప్రతి చర్చిలో ప్రతి ఆదివారం రాజకుటుంబం దీర్ఘాయువు కోసం ప్రార్థిస్తారు కదా, మరి వాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారా అని చూశాడు. ఆయన పట్టికలో రాజవంశీకుల సగటు వయసు 64.04 ఏళ్లు; అన్ని వర్గాల్లోనూ అదే అతి తక్కువ. పాదిరీలది 69.49, న్యాయవాదులది 68.14. పాదిరీలు కొంచెం ముందున్నారు, కానీ పేరున్న పాదిరీలను పేరున్న వకీళ్లతో, వైద్యులతో పోలిస్తే ఆ తేడా కరిగిపోయింది. పల్లెటూరి ప్రశాంత జీవితమే పాదిరీలకు ఆ ఏడాదిని తెచ్చిపెట్టి ఉంటుందని గాల్టన్ అన్నాడు. ఇవాళ చూస్తే ఆ పద్ధతిలో లోపాలు చాలా ఉన్నాయి. కానీ మనిషి వయసును మొక్కుబడికి ముడివేసే ముందు బతికిన తీరును చూడాలన్న ఆయన సూచన ఈనాటికీ చెల్లుతుంది.

మన జ్ఞాపకార్థ కూడికకు దగ్గరగా వచ్చే పరిశోధన 2018లో వచ్చింది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన లారా వాలెస్, బాల్డ్విన్ వే, వాళ్ల సహచరులు సంతాప వార్తలనే ఆధారంగా తీసుకున్నారు. మొదట అయోవా రాష్ట్రంలో డిమోయిన్ నగరపు పత్రికలో వచ్చిన 505 వార్తలు చదివారు. పోయిన మనిషికి ఏదైనా మతసంఘంతో సంబంధం ఉన్నట్టు రాసి ఉంటే ఒక గుర్తు, లేకపోతే మరో గుర్తు. సంఘంతో సంబంధం ఉన్నవాళ్లు సగటున 9.45 ఏళ్లు ఎక్కువ బతికినట్టు తేలింది. ఆడా మగా, పెళ్లయిందా లేదా అన్నవి లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా 6.48 ఏళ్లకు తగ్గింది. తర్వాత 42 నగరాల నుంచి 1,096 సంతాప వార్తలు చదివారు. అక్కడ తేడా 5.64 ఏళ్లు; పైవి లెక్కలోకి తీసుకున్నాక 3.82. స్వచ్ఛంద సేవ, ఇతర సంఘాల్లో సభ్యత్వం ఆ తేడాలో ఏడాదిలోపు భాగాన్నే వివరించగలిగాయి.

ఈ అంకెలు చూడగానే సంతోషం కలుగుతుంది. నాకూ కలిగింది. కానీ మళ్లీ చదువుకుంటే అనుమానాలు మొదలవుతాయి. సంతాప వార్త రాసేది ఇంటివాళ్లు. అక్కడి పత్రికల్లో మాటలు పెరిగినకొద్దీ డబ్బు పెరుగుతుంది, కాబట్టి పొడుగాటి వార్త వేయించగలిగిన ఇల్లు కాస్త కలిగిన ఇల్లు. కలిగినవాళ్లు ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతారు. అంతకంటే పెద్ద చిక్కు వయసుదే. తొంభై ఏళ్లు బతికినవాడికి సంఘంలో చేరడానికి, గాయక బృందంలో పాడడానికి, పెద్దగా ఎన్నిక కావడానికి తొంభై ఏళ్ల వ్యవధి ఉంది. ఇరవై రెండేళ్లకు రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రాడికి ఆ వ్యవధే లేదు. అంటే సంఘం ఆయుష్షును పెంచకపోయినా, ఆయుష్షు సంఘ సభ్యత్వాన్ని పెంచుతుంది. ముగిసిన జీవితాన్ని వెనక్కి తిరిగి చూసే ఏ లెక్కకైనా ఈ ఇబ్బంది తప్పదు. మన కరపత్రం కూడా అంతే. 'యాభై ఏళ్లు సంఘ పెద్ద' అని రాయాలంటే ముందు ఆ యాభై ఏళ్లు బతికి ఉండాలి కదా.

ఈ చిక్కును తప్పించుకునే దారి ముందునుంచి వెంబడించడం. బతికి ఉన్నవాళ్లను అడిగి, రాసుకుని, ఏళ్ల తరబడి చూడాలి. రాబర్ట్ హమ్మర్, సహచరులు 1999లో ప్రచురించిన పని అలాంటిది. 1987లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్న ఇరవై వేలమందికి పైగా పెద్దల మరణాలను 1995 వరకు చూశారు. ఇరవై ఏళ్ల మనిషికి ఇక అసలు చర్చికి వెళ్లకపోతే 75.3 ఏళ్లు, వారానికి ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్తే 82.9 ఏళ్లు బతికే అంచనా వచ్చింది. తర్వాత 2016లో హార్వర్డ్‌కు చెందిన టైలర్ వాండర్‌వీల్ బృందం 74,534 మంది నర్సుల వివరాలు పరిశీలించింది. వారానికి ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్లేవారిలో మరణాల రేటు అసలు వెళ్లనివారికంటే 33 శాతం తక్కువ. మంచం పట్టినవాళ్లు చర్చికి వెళ్లలేరు కాబట్టి తేడా కనిపిస్తోందా అన్న సందేహం సహజం. అందుకని వాళ్లు హాజరును చాలాసార్లు అడిగారు, ముందే ఉన్న జబ్బులను లెక్కలోకి తీసుకున్నారు. అయినా తేడా చాలావరకు నిలిచింది.

ఇంత జాగ్రత్తగా చేసిన పని చాలా అరుదు. కానీ ఆ నర్సులందరూ ఆడవాళ్లు, ఎక్కువమంది తెల్లవాళ్లు, ఎక్కువమంది క్రైస్తవులు, చదువూ ఉద్యోగమూ ఉన్నవాళ్లు. ఆ 33 శాతాన్ని తెచ్చి మన ఒంగోలుకో వరంగల్లుకో అతికించలేం. వెళ్లడానికి ఇష్టపడే మనిషి స్వభావమే వేరు కావచ్చునన్న అనుమానం కూడా పూర్తిగా తొలగదు. చర్చికి పంపి, పంపకుండా చేసి ప్రయోగం పెట్టడం ఎవరివల్లా కాదు గనక.

ఆ తేడాకు ఏయే దారులున్నాయని ఆ బృందమే వెతికింది. నాలుగు కనిపించాయి: పొగ తాగకపోవడం, మనుషుల తోడు, కుంగుబాటు తక్కువగా ఉండడం, ఆశ. ఇవన్నీ కలిపినా తేడా మొత్తం వివరణకు రాలేదు. పొగ తాగకపోవడం ఆ జాబితాలో ఉందని చదివినప్పుడు కార్టర్ ఇచ్చుకున్న జవాబు గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలోని సెవెంత్ డే అడ్వెంటిస్టుల లెక్కా ఇదే చెబుతుంది. వాళ్ల మగవాళ్లు ఆ రాష్ట్రపు తక్కిన మగవాళ్లకంటే సుమారు ఏడేళ్లు, ఆడవాళ్లు నాలుగేళ్లకు పైగా ఎక్కువ బతుకుతున్నారని 2001లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వాళ్లలో పొగ తాగేవాళ్లు దాదాపు లేరు, చాలామంది శాకాహారులు, నడుస్తారు, గింజలు, పప్పులు తింటారు.

మరి జబ్బు వచ్చాక? ఇక్కడ సాక్ష్యం చాలా స్పష్టంగా మలుపు తిరుగుతుంది. లిండా పవెల్, సహచరులు 2003 నాటికి వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చర్చికి వెళ్లడానికీ తక్కువ మరణాలకూ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం దొరికింది. ఇతర కారణాలు తీసేశాక కూడా మరణాలు సుమారు 25 శాతం తక్కువ. కానీ వచ్చిన క్యాన్సర్ వేగాన్ని భక్తి తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదు. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందితో చేసిన ప్రయోగంలో, పరాయివాళ్లు వాళ్ల కోసం చేసిన ప్రార్థన వల్ల తేడా రాలేదు. పైగా తమ కోసం ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసినవాళ్లలో 59 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి. తెలియనివాళ్లలో 52 శాతం. ఆ ప్రయోగం దేవుణ్ణి కొలవలేదు, కొలవగలదని నేను అనుకోను. మందు స్థానంలో ప్రార్థనను పెట్టమని ఎవరైనా రోగిని ఒత్తిడి చేస్తే, వాళ్ల ముందు పెట్టవలసిన కాగితం మాత్రం అదే.

కార్టర్ దగ్గరకు మళ్లీ వద్దాం. 2015 ఆగస్టులో, 90 ఏళ్ల వయసులో, తన చర్మ క్యాన్సర్ కాలేయానికి పాకిందని, మెదడులో నాలుగు చిన్న మచ్చలు కనిపించాయని ఆయనే పత్రికలవాళ్లను పిలిచి చెప్పారు. ఆ ఆదివారం మామూలుగానే బడిలో పాఠం చెప్పడానికి వెళ్లారు, వందలాదిమంది వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో, అదే బడిలో, తాజా స్కానులో క్యాన్సర్ జాడ లేదని సంఘానికి చెప్పారు. ప్రపంచమంతా దాన్ని అద్భుతం అంది. ఆయనకు ఇచ్చిన మందు పెంబ్రోలిజుమాబ్. శరీరంలోని రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లెం విప్పి, వాటినే దాని మీదికి పంపే మందు. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 2014 సెప్టెంబరులో, అంటే కార్టర్ జబ్బు బయటపడడానికి ఏడాది ముందు. పదేళ్లు ముందుగా ఆ జబ్బు వచ్చి ఉంటే, ఎంత భక్తి ఉన్నా, మెదడుకు పాకిన ఆ క్యాన్సర్ చాలామందిని కొన్ని నెలల్లో తీసుకెళ్లినట్టే ఆయననూ తీసుకెళ్లేది. దేవుడు ఆ మందు రూపంలో వచ్చాడని నమ్మేవారి నమ్మకాన్ని నేను కాదనను. మందు లేకుండా వచ్చాడని మాత్రం చెప్పకూడదు.

ఆ శుభవార్త చెప్పిన రెండు వారాలకే ఆయన మనుమల్లో ఒకరు 28 ఏళ్ల వయసులో హఠాత్తుగా చనిపోయారు. ఆ ఉదయం కూడా కార్టర్ బడికి వచ్చారు, సంఘం ముందు నిలబడి ఆ సంగతి చెప్పారు. తాతకు 91, మనుమడికి 28. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ప్రార్థన.

'కుటుంబాన్ని ప్రేమించాడు' అన్న మాటను కూడా ఇలాగే దగ్గరగా చూడాలి. మన కరపత్రాల్లో ఆ మాట వెనక దంపతుల మధ్య ఏ రాపిడీ ఉండదు. కార్టర్ దంపతుల కథలో ఉంది, వాళ్లే చెప్పుకున్నారు కాబట్టి మనకు తెలుసు. 1953లో తండ్రి పోయాక నౌకాదళం వదిలి ప్లెయిన్స్‌కు తిరిగి వెళ్లిపోదామని కార్టర్ భార్యను అడగకుండానే నిర్ణయించారు. రోజలిన్‌కు ఆ ఊరి నుంచి బయటపడ్డ సంతోషం ఇంకా తీరలేదు. తిరుగు ప్రయాణంలో ఆమె భర్తతో మాట్లాడలేదు. ఏమైనా చెప్పాలంటే ఆరేళ్ల పెద్దబ్బాయితో చెప్పించారు. 1962లో రాష్ట్ర సెనేటుకు పోటీ చేసే సంగతి కూడా, పనిబట్టలకు బదులు మంచి ప్యాంటు వేసుకుంటుంటే ఎక్కడికని ఆమె అడిగితే గానీ ఆయన చెప్పలేదు. తర్వాతి రోజుల్లో ఆ తీరుకు ఆయన సిగ్గుపడ్డారు. 1987లో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాస్తుంటే కాపురమే కూలిపోయేంత గొడవలయ్యాయి. చివరికి ఇద్దరికీ కుదరని చోట్ల ఎవరి పేరా వారిదిగా ఉంచి, ఆయన రాసినదానికి జె, ఆమె రాసినదానికి ఆర్ అని అక్షరం పెట్టుకున్నారు. రోజూ రాత్రి పడుకునే ముందు ఇద్దరూ ఒకరికొకరు బైబిలు చదివి వినిపించుకునేవారు, అదీ స్పానిష్‌లో, నేర్చుకున్న భాష మరిచిపోకుండా. కోపంతో నిద్రపోకూడదన్నది వాళ్ల నియమం. నాకు ఆ 77 ఏళ్ల అంకెకంటే ఆ జె, ఆర్ అక్షరాలు గట్టి సాక్ష్యంగా కనిపిస్తాయి. ఇద్దరికీ వేరువేరు జ్ఞాపకాలున్నాయని ఒప్పుకుని, రెంటినీ అచ్చువేయించుకున్న దంపతులు వాళ్లు.

ఇక 'సంఘ పెద్ద' అన్న మాట. ఇది కొలతలకు అందని అసలు చోటు అని నా అభిప్రాయం. 1965లో ప్లెయిన్స్ బాప్టిస్టు చర్చిలో ఒక తీర్మానం వచ్చింది. పౌరహక్కుల ఉద్యమకారులు నల్లవారిని వెంటబెట్టుకుని తెల్లవారి చర్చిల గుమ్మాల దగ్గరకు వస్తున్న కాలం అది. అలా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వకూడదన్నది తీర్మానం. కార్టర్ అప్పటికే ఆ సంఘంలో డీకన్, రాష్ట్ర సెనేటర్, ఊళ్లో వేరుశనగ వ్యాపారి. సరుకు అమ్మేది, కొనేది ఆ సంఘంలో కూర్చున్నవాళ్లే. ఆయన లేచి తీర్మానం తప్పని మాట్లాడారు. ఓట్లు లెక్కిస్తే రానివ్వకూడదన్నవి 54, వ్యతిరేకించినవి 6. ఆ ఆరింటిలో ఎక్కువ ఆయన ఇంటివాళ్లవే. చాలామంది ఎటూ చేయి ఎత్తలేదు.

ఇప్పుడు ఆ 54 మందిని హమ్మర్ పట్టికలోనో నర్సుల అధ్యయనంలోనో పెట్టి చూడండి. వాళ్లూ ప్రతి ఆదివారం వచ్చేవాళ్లే. వాళ్లలోనూ పొగ తాగనివాళ్లు, భార్యాపిల్లలను ప్రేమించినవాళ్లు, నిండు నూరేళ్లకు దగ్గరగా బతికినవాళ్లు ఉండి ఉంటారు. గణాంకాలకు ఆ 54, ఈ 6 ఒకే గడిలో పడతాయి: 'వారానికి ఒకసారి, లేదా అంతకంటే ఎక్కువ'. హాజరు వల్ల గుండెకు వచ్చే మేలు, గుమ్మం దగ్గర ఎవరిని ఆపారన్నదానితో మారుతుందని ఏ అధ్యయనమూ చెప్పలేదు. ఆయుష్షును నీతికి కొలబద్దగా వాడకూడదనడానికి నాకు దొరికిన బలమైన ఆధారం ఇదే.

ఈ గుమ్మం కథ తెలుగు బాప్టిస్టులకు కొత్తది కాదు. అమెరికా బాప్టిస్టులు 1845లో రెండుగా చీలారు. బానిసలను ఉంచుకున్నవాళ్లను మిషనరీలుగా పంపవచ్చా అన్నదే తగువు. ప్లెయిన్స్ చర్చి దక్షిణాది శాఖది. నెల్లూరులో శామ్యూల్ డే మొదలుపెట్టిన తెలుగు మిషన్ ఉత్తరాది శాఖతో ఉండిపోయింది. ఆ మిషన్ తరఫున ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ ముందు 1860ల్లో అదే ప్రశ్న మరో రూపంలో నిలబడింది: మాదిగలను చేర్చుకుంటే మేం రాం అని పై కులాలవాళ్లు చెప్పారు. క్లౌ మాదిగలనే చేర్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఒంగోలు ఆ ప్రశ్నకు జవాబిచ్చి దాదాపు వందేళ్లయ్యాక ప్లెయిన్స్ 54 ఓట్లతో దానికి తప్పు జవాబు రాసింది.

ప్లెయిన్స్ సంఘం ఆ తీర్మానాన్ని 1976లో, కార్టర్ అధ్యక్షుడిగా గెలిచిన రోజుల్లో, ఎత్తేసింది. ఆ గొడవల్లో చీలి బయటికొచ్చిన వాళ్లు మరనాత బాప్టిస్టు చర్చి కట్టుకున్నారు. కార్టర్ కుటుంబం వాషింగ్టన్ నుంచి తిరిగొచ్చాక ఆ చిన్న సంఘంలో చేరింది. ఆయన అక్కడ పాఠం చెప్పడమే కాదు, చర్చి ఆవరణలో గడ్డి కోసేవారు. రోజలిన్ మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు. కానుకలు పట్టే చెక్క పళ్లేలను కార్టర్ తన వడ్రంగి కొట్టంలో తయారుచేసి ఇచ్చారు. నేను ఆ పళ్లేల దగ్గర కాసేపు ఆగాలనుకుంటాను. మన చర్చిల్లో కానుక సంచి పొడుగాటి కర్రకు కట్టి ఉంటుంది, లేదా పిల్లలు పట్టుకొస్తారు. కానుక వేసేవాడి చేయి తగిలేది దానికే. దేశాన్ని ఏలిన మనిషి చెక్క తిప్పి, చెక్కి, నునుపు చేసి, ఆ వస్తువును సంఘానికి ఇచ్చాడు. ఇందులో వయసుకు సంబంధించిన సాక్ష్యం ఏమీ లేదు. మనిషికి సంబంధించినది ఉంది.

సంఘం దాటి చేసిన పనిలో ఒక్కటి మాత్రం ఇక్కడ చెప్పాలి, మన పెద్దవాళ్లకు తెలిసిన బాధ గనక. నారికురుపు. చెరువు నీళ్లు, దిగుడుబావి నీళ్లు తాగితే ఒంట్లో చేరి, ఏడాదికి కాలిమీద బొబ్బ లేచి, అందులోంచి తెల్లని దారంలా బయటికి వచ్చే పురుగు. పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్త చొప్పున లాగాలి, తెగితే ఇంకా ప్రమాదం. ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దేశం సొంత కార్యక్రమంతో దాన్ని తుడిచిపెట్టి 2000లో ధ్రువీకరణ పొందింది. ఆఫ్రికా దేశాల్లో ఆ పనిని కార్టర్ సెంటర్ 1986 నుంచి భుజానికెత్తుకుంది. అప్పుడు ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి ఉండేదని అంచనా. 2023లో లెక్కకు వచ్చింది 14 మంది. తాను పోయేలోగా ఆ చివరి పురుగు చావాలని కార్టర్ కోరుకున్నారు. ఆ కోరిక కొద్దిలో తీరలేదు.

2023 ఫిబ్రవరిలో ఆస్పత్రులు చాలని, ఇంట్లోనే, జబ్బు నయం చేయడం మాని బాధ తగ్గించి చూసుకునే హాస్పిస్ సంరక్షణకు మారారు. అమెరికాలో అలా మారినవాళ్లలో ఎక్కువమంది బతికేది వారాల లెక్కలోనే. ఆయన ఇరవై రెండు నెలలు ఉన్నారు. ఆ మధ్యలో, అదే ఏడాది నవంబరు 19న, రోజలిన్ 96 ఏళ్లకు వెళ్లిపోయారు. ఆమె జ్ఞాపకార్థ కూడికకు ఆయనను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు, కాళ్ల మీద ఆమె బొమ్మ ఉన్న దుప్పటి కప్పి. ఆ ఇరవై రెండు నెలలకు కారణం ఏమిటని అడిగితే ఏ పట్టికా జవాబు చెప్పదు. బిడ్డలు వంతులవారీగా పక్కన ఉండడమా, ఇల్లు అలవాటైన ఇల్లు కావడమా, ఒంటి గట్టితనమా. వేలమంది సగటు నుంచి ఒక్క మనిషి ఆఖరి నెలలను విడగొట్టి చెప్పగలిగే గణితం లేదు.

2025 జనవరి 9న వాషింగ్టన్ కెథడ్రల్‌లో మనుమడు జేసన్ మాట్లాడుతూ తాతగారి వంటింటి గురించి చెప్పారు. వాడిన ప్లాస్టిక్ సంచులు పారేయకుండా కడిగి ఆరబెట్టే చిన్న స్టాండు సింకు పక్కన ఉండేదట. దేశాధ్యక్షులు ముందు వరుసలో కూర్చున్న చోట ఆ స్టాండు గుర్తుకు రావడం నాకు చాలా నచ్చింది. మన ఇళ్లలో పాల ప్యాకెట్లు కడిగి కిటికీ చువ్వలకు ఆరేసే అమ్మమ్మలు, నాయనమ్మలు తెలిసినవాళ్లకు ఆ ఇల్లు పరాయిదిగా అనిపించదు. జ్ఞాపకార్థ కూడికలో పిల్లలు ఇలాంటివి చెప్పినప్పుడే పోయిన మనిషి ఆ షామియానా కిందికి వస్తాడు.

ఆయన బడిలో పాఠం చెప్పిన ఆఖరి రోజుల్లో ఒకటి 2019 నవంబరు 3. రెండు వారాల ముందే పడిపోయి కటి ఎముక విరిగింది. వాకరు పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చారు, సాయం పట్టి ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. క్యాన్సర్ మెదడుకు చేరిందని విన్నప్పుడు బతికించమని అడగలేదని, చావు విషయంలో సరైన మనసు ఇవ్వమని మాత్రమే ప్రార్థించానని, తనకు చావంటే భయం లేదని వచ్చినవాళ్లకు చెప్పారు. ఆ రోజు ఆయన చేతిలో తెరిచి ఉన్నది యోబు గ్రంథం. బిడ్డలను, ఆస్తిని, ఒంటి ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న నీతిమంతుడి కథ. అతని స్నేహితులు వచ్చి, నీవు ఏదో పాపం చేసే ఉంటావు, అందుకే ఇలా అయిందని పట్టుబట్టి చెబుతారు. ఆ గ్రంథం చివర్లో దేవుడు కోపగించుకునేది ఆ స్నేహితుల మీద.